గ్యాస్ వ్యాను

"వద్దండీ సాయిబు గారూ. ఆ పని చేయించకండి."

గుమ్మంలో నిలబడ్డ మనిషిని హనీఫ్ అంతకుముందెప్పుడూ చూడలేదు. తలమీదుగా తువ్వాలు కప్పుకున్నాడు. తువ్వాలు అంచు పట్టుకున్న చేతి మీద చర్మం కాలి ముడతలు పడి ఉంది.

"ఏ పని?"

"మీ వ్యానుకి వంటగ్యాస్ పెట్టించడం."

హనీఫ్‌కి ఒళ్ళు మండింది. దొంగచాటుగా చేయిస్తున్న పని అప్పుడే బందరంతా పాకిందన్నమాట. ఎవరు నువ్వంటే ఆ మనిషి తల దించుకున్నాడు. ఏ ఊరంటే అంతే. పెట్రోలు బంకు వాళ్ళు పంపారా అని అడిగి, దానికీ జవాబు రాకపోయేసరికి, హనీఫ్ మెడ పట్టుకుని వీధిలోకి తోశాడు. ఆ మనిషి మోకాళ్ళు గీసుకుపోయాయి. లేచి, దులుపుకుని వెళ్ళిపోయాడు.

లోపల ఖాసింబీ అంతా విన్నది. మొగుడితో వారం రోజులుగా ఆమె కూడా ఇదే పోరు పెడుతోంది. గుడివాడలో గ్యాస్ కారు తగలబడి ఒక కుటుంబం కుటుంబమే మాడిపోయిందని విన్నప్పటి నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

విజయవాడ మెకానిక్ భుజంగరావు ఆ భయాన్ని ఒక్క మాటతో కొట్టిపారేశాడు.

"అది గ్యాసు తప్పు కాదమ్మా, డ్రైవరు తప్పు. మంట చూడగానే దూకి పారిపోయాడు, పిరికివెధవ."

కృష్ణా జిల్లా అంతా చెప్పుకున్న మాటే అది.

హనీఫ్ మాత్రం ఏం చేస్తాడు? ఉప్పెన ఇల్లు పట్టుకుపోయింది. మిగిలింది ఆ పాత వ్యాను ఒక్కటే. నాగాయలంక నుంచి చేపల గంపల్నీ, చేపలమ్మే ఆడవాళ్ళనీ రోజూ బందరు చేరిస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పెట్రోలు ధర ఆ పొయ్యిలో నీళ్ళు పోసేలా ఉంది. గ్యాసు పెట్టించాలి, లేదా వ్యాను అమ్ముకోవాలి. అమ్మడం అతని వల్ల కాలేదు.

భుజంగరావు వచ్చి సిలిండరుని వెనక సీటు కింద ఇరికించాడు, రబ్బరు గొట్టం ఇంజను దాకా లాగాడు, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు వ్యాను నాగాయలంక దాకా ఎక్కడా మొరాయించలేదు. హనీఫ్ దారి పొడుగునా కూనిరాగం తీశాడు.

నాగాయలంక సెంటర్లో ఆడవాళ్ళు ఎక్కారు. ఎక్కుతూనే, రోజూ చేసినట్టే, గంపల్ని కాళ్ళతో సీటు కిందికి బలంగా తోశారు. అక్కడ కొత్తగా గొట్టం ఉందని వాళ్ళకి ఎవరు చెప్పారు?

కాసేపటికి కుళ్ళు వాసన మొదలైంది.

"ఎవరి గంపే మురిగింది?" అంది మహాలక్ష్మమ్మ.

నీదంటే నీదని ఆడవాళ్ళు ఒకరినొకరు దెప్పుకుని నవ్వుకున్నారు. చేపల వ్యానులో కంపు వస్తే అనుమానించేదెవరు? హనీఫ్ కూడా ముక్కు చిట్లించి ఇంజను స్టార్ట్ చేశాడు. పక్క సీట్లో క్లీనరు నూకరాజు చుట్ట నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె తీశాడు.

ఎదురుగా టీకొట్టు బల్ల మీంచి తువ్వాలు మనిషి లేచాడు. పొద్దున్నే బస్సెక్కి వచ్చినట్టున్నాడు.

వ్యాను పక్కకి వచ్చి ఒక్కసారి గాలి పీల్చాడు. అంతే. కిటికీలోంచి చెయ్యి పెట్టి చుట్టా అగ్గిపెట్టే లాగి కాలవలోకి విసిరాడు. ఇదేమిటన్న నూకరాజు చెంప పగలగొట్టాడు. వెనక తలుపు తీసి మహాలక్ష్మమ్మ గంపని రోడ్డు మీదికి ఈడ్చి, బోర్లా తన్ని, చేపల్ని కసిగా తొక్కాడు.

"కంపు మొహాలు. మీకు వ్యాను ఒకటా? దమ్ముంటే దిగండే."

ఆ మాట పడి సీట్లో కూర్చునే ఆడది దివిసీమలో లేదు. అందరూ దిగారు. కొంగులు బిగించి, చెప్పులు తీసి వెంటపడ్డారు. అతను పరిగెత్తాడు, అందీ అందనట్టు, వెనక్కి తిరిగి తిడుతూ. ఎవరైనా వెనకబడితే ఇంకా పచ్చిగా తిట్టాడు. హనీఫ్ ఇంజను ఆపకుండానే, బండి స్టార్ట్ చేసే ఇనుపరాడ్డు పట్టుకుని దూకాడు.

కాలవ వంతెన దాటాక అతను ఆగాడు. రొప్పుతూ వాళ్ళని కాదు, వాళ్ళ వెనకాల వ్యానుని చూశాడు. ఏదో చెప్పబోయాడు.

రాడ్డు ముందే పడింది. నుదురు చిట్లింది. కిందపడ్డవాణ్ణి నూకరాజు డొక్కలో తన్నాడు. ఆడవాళ్ళు చెప్పులతో కొట్టారు. హనీఫ్ రాడ్డు రెండోసారి పడ్డప్పుడు పుర్రె పగిలిన చప్పుడు అందరికీ వినపడింది. తువ్వాలు జారింది. సగం మొహం కాలిపోయి ఉంది.

అప్పుడు పేలింది, వాళ్ళ వెనక.

వ్యాను పైకప్పు లేచి చెట్టుకి కొట్టుకుంది. సీట్లు, గంపలు, అన్నీ ఒక్కటే మంట.

కింద నుంచి సన్నగా వినిపించింది.

"అందరూ దిగారా?"

మహాలక్ష్మమ్మ ఆ రక్తంలోనే కూలబడి అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"దిగామయ్యా. అందరం దిగాం."

బందరు చేరకముందే అతను పోయాడు. చంపింది నేనేనని హనీఫ్ తనంతట తానే పోలీసులకి చెప్పాడు.

ఆసుపత్రి వరండాలోకి సాయంత్రం ఒక పెద్దావిడ వచ్చింది, చచ్చిపోయినవాడి అక్కనంటూ. కానిస్టేబుళ్ళ మధ్య కూర్చున్న హనీఫ్ లేచి ఆమె కాళ్ళ మీద పడ్డాడు. గ్యాసు కారుతోందని ఒక్క మాట చెప్పి ఉంటే చాలు కదమ్మా, ఎందుకు చెప్పలేదని గుండెలు బాదుకున్నాడు.

ఆమె ఏడవలేదు.

"గుడివాడలో చెప్పాడు బాబూ. వాసన రాగానే కారాపి, గ్యాసు కారుతోంది దిగండి, దిగండి అని అందరి కాళ్ళూ పట్టుకున్నాడు. నీదంతా పిరికితనమని నవ్వారే గానీ ఒక్కరూ దిగలేదు. పారిపోయాడని మీరంతా చెప్పుకునే ఆ డ్రైవరు మా తమ్ముడు కృపావరమే."