బురద సారు చెప్పిన మాట

"ఆ బుడగలు ఎవరివి బాబూ? నా కొడుకువా?"

కుర్చీలో కూర్చోకముందే అడిగేసింది ఆ తల్లి. పక్కన నిలబడ్డ కూతురు తల దించుకుంది.

ల్యాబ్‌లో అందరూ ఆయన్ని బురద సారంటారు. సముద్రం అడుగు నుంచి బురద తీయించి పరీక్షించడం ఆయన పని. ఇలాంటి ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సరుకుల ఓడ ఒకటి బోల్తా పడి మునిగింది. ఇంజన్ గదిలో పనిచేసే ఆమె కొడుకు బయటికి రాలేదు. తుఫానుకి డైవర్లు దిగలేకపోయారు. మునిగిన చోట రెండు రోజులపాటు బుడగలు వచ్చాయని పేపర్లో పడింది. పేపరువాళ్లకేం, రాసేసి చేతులు దులుపుకున్నారు. ఈమెకి మాత్రం అప్పట్నుంచీ కంటిమీద కునుకు లేదు.

"లోపల గాలుంటేనే కదా బుడగలొచ్చేది? అంటే వాడు రెండు రోజులూ బతికే ఉన్నాడా? అమ్మా అని పిలుస్తూ కూర్చున్నాడా?"

"చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది సార్," అంది కూతురు. "మీరు చెబితే వింటుందని తీసుకొచ్చాను."

బురద సారు లేచాడు. ఫ్రీజర్లోంచి చిన్న మంచుముక్క తీసి, స్టీలు పళ్లెంలో పెట్టి, అగ్గిపుల్ల గీశాడు. మంచు అంటుకుంది. పైన మంట, కింద నీళ్లు.

"ఇదేం చోద్యం! మంచు మండడమేంటి బాబూ?"

"మీథేన్ అని, వంటగ్యాస్ లాంటిదేనమ్మా. సముద్రం అడుగున బురదలో, ఆ చలికీ ఆ ఒత్తిడికీ నీళ్లతో కలిసి ఇలా గడ్డకడుతుంది. అంత ఓడ వచ్చి మీద పడితే కదిలిపోదూ? గ్యాసంతా విడిపోయి బుడగలై పైకొచ్చేస్తుంది. అందరూ చూసింది ఆ బుడగల్నే."

"మరి వాడు?"

"ఓడ తిరగబడగానే ఇంజన్ గది నిండిపోయింది. పిలిచే టైం కూడా ఉండుండదమ్మా."

మంట ఆరిపోయేదాకా ఆమె చూస్తూనే ఉంది. పళ్లెంలో మిగిలిన నీళ్లని వేలితో ముట్టుకుంది. తర్వాత రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. కొడుకు పోయాక ఆమె ఏడవడం అదే మొదలు.

"పోన్లే. నా బిడ్డ బాధపడలేదు," అంది కాసేపటికి.

బస్సెక్కగానే కూతురి భుజం మీద తల వాల్చి, ఒళ్లు తెలీకుండా నిద్రపోయింది.

ఓడ మునిగిన చోట సముద్రం అడుగంతా ఒట్టి బండరాయేనని, అక్కడ చారెడు బురద కూడా దొరకదని, బురద సారుకి ఆమె రాకముందే తెలుసు.