సహవాస హస్తం

“మెట్ల మీద్నే నిలవడ్డవేంది సైదులూ? చెప్పులిడిసి లోపలికి రా,” అంది సంఘంలో పెద్దావిడ సుమిత్రమ్మ.

సైదులు చెప్పులైతే విడిచాడు గానీ మెట్టు దిగలేదు. సకల జనుల సమ్మెతో ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఆటో నడిపే మనిషే అయినా ఆ ఆదివారం చైతన్యపురి నుంచి నడిచే వచ్చాడు. ప్రార్థన మందిరమంటే పెద్ద కట్టడమేం కాదు, ఒక కాంప్లెక్సు కింద కిరాయికి తీసుకున్న సెల్లారు. కిటికీలు లేవు. ఒకప్పుడు అక్కడ డోలక్ వాయించింది అతనే.

“పాస్టరు అయ్యగారు నన్ను జూస్తే ఏమంటడో పెద్దమ్మా.”

“ఏమంటడు? రోజూ ప్రార్థనల నీ పేరే ఎత్తుతడు.”

ఆ మాటకు ధైర్యం రాలేదు సరికదా, ఉన్నదీ పోయింది. చేసిన పని అలాంటిది మరి. తెలంగాణ ఉద్యమం వేడిలో ఈ సంఘం వదిలేశాడు. ఆంధ్రా పాస్టరుతో మాకేం పని అని నలుగురిలో అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఒక ర్యాలీలో అతన్ని చూసి వెంకట్రావు పాస్టరు గారు రోడ్డు అవతలి నుంచి కుడిచెయ్యి ఎత్తి, “సైదులూ, తిరిగి రా నాయనా!” అని పిలిచారు. పక్కవాళ్లు నవ్వారు. సైదులు చేతిలో రాయి ఉంది. అది సరిగ్గా ఆ అరచేతికే తగిలింది. అసలే ఆయన సుగర్ మనిషి. వైద్యానికి గుంటూరులో అన్నగారింటికి వెళ్లారని తర్వాత విన్నాడు. ఎలా ఉన్నారని ఎవరినీ అడగలేదు. ఎల్బీనగర్ వైపు కిరాయి వచ్చినా వెళ్లేవాడు కాదు.

లోపల పట్టుమని పదిమంది లేరు. చివరన, బల్ల వెనక పాస్టరు గారు కూర్చున్నారు. మనిషి చిక్కిపోయారు. అంత ఉక్కపోతలోనూ శాలువా నిండా కప్పుకున్నారు. సుమిత్రమ్మ వెళ్లి పక్కన నిలబడి ఆయన బైబిలు పేజీలు తిప్పుతోంది. జ్వరమేమో అనుకున్నాడు సైదులు.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. తప్పిపోయినవాడు తిరిగొస్తే అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి. పాస్టరు అతని కుడిచెయ్యి పట్టుకుని సహవాసంలోకి తీసుకోవాలి. ఆ చెయ్యి అందితేనే ప్రభువు బల్ల దగ్గర అందరితో పాటు రొట్టె, లేదంటే వచ్చిన దారే. చెయ్యి అందనివాళ్లను సైదులు ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ చేతినే పగలగొట్టి, మళ్లీ ఆ చేతినే అడిగినవాణ్ణీ చూడలేదు.

గుమ్మం దగ్గరే, అందరి వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు. అంతలో కరెంటు పోయింది. సెల్లారంతా కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

“కొవ్వొత్తి ఏడ వెట్టిండ్రో సూడుండ్రి,” సుమిత్రమ్మ గొంతు.

చీకటే మేలనిపించింది సైదులుకు. “రాయి నేనే ఏసిన. ఎరక్క గాదు, సూసే ఏసిన. నన్ను మాఫ్ చెయ్యుండ్రి,” అంటూ కుడిచెయ్యి చాపాడు.

చాపిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఇక వెళ్లిపోదామనుకుంటుండగా ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. అడుగుల చప్పుడైనా వినబడలేదు. గట్టి పట్టు. సైదులు బొటనవేలు ఆ అరచేతి నడుమ ఒక గుంటలోకి దిగింది. లోపల తడిగా, వెచ్చగా ఉంది. ఇన్నాళ్లయినా గాయం మానలేదన్నమాట! సిగ్గుతో చెయ్యి లాక్కోబోయాడు. అవతలి చెయ్యి వదల్లేదు.

“నిన్నెప్పుడో క్షమించాను నాయనా,” అన్నారు పాస్టరు గారు.

గొంతు మాత్రం దూరంగా, బల్ల దగ్గరి నుంచి వచ్చినట్లుంది. సెల్లారులో మాటలు అలాగే తిరుగుతాయిలే అనుకున్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. దాచుకోకుండా ఏడ్చాడు. అప్పుడు వదిలింది ఆ చెయ్యి.

అగ్గిపుల్ల వెలిగింది. సైదులు ఎదురుగా ఎవరూ లేరు. ఆ చివర బల్ల వెనక, పాస్టరు గారు అప్పుడే కుర్చీలోంచి లేస్తున్నారు.

“రా సైదులూ, సహవాసం ఇవ్వాలిగా,” అంటూ ఆయన ఎడమచెయ్యి చాపారు. “ఎడమచెయ్యని ఏమీ అనుకోకు.”

సైదులు తన బొటనవేలు చూసుకున్నాడు. ఎర్రగా ఉంది.

“మరి... మీ కుడిచెయ్యి అయ్యగారూ?”

పాస్టరు గారు శాలువా కొంచెం తొలగించారు.

“గుంటూరులోనే తీసేశారయ్యా.”