మొగులయ్యకేం లాభం?

“జాలిపడి చేస్తనంటే నాకొద్దు మొగులయ్యా! దీంట్ల నీకేం లాభమో సోంచాయించు. లాభముంటేనే చెయ్యి!” అన్నాడు సుబ్రహ్మణ్యం.

ఉప్పుగూడలోని ఆ వాడంతా ఆయన చుట్టూ మూగింది. ఆడవాళ్లయితే ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని మరీ నిలబడ్డారు. అందరూ తలలు వంచి శ్రద్ధగా వింటున్నారు. సుబ్రహ్మణ్యం మాత్రం తలెత్తి మాట్లాడుతున్నాడు. ఆయన గొంతు ఖంగుమంటోంది. ఒక్కో మాటా రెండేసిసార్లు వినిపిస్తోంది.

ఆయన సర్కారీ దఫ్తర్లో గుమాస్తా. పదింటికి అక్కడ పెద్ద గుమాస్తా పోస్టుకు ఇంటర్వ్యూ. ఏళ్లుగా ఎదురుచూసిన పోస్టు. వెళ్లాలంటే ముందు మొగులయ్య ఓ చెయ్యి వెయ్యాలి. ఎంతోసేపు పట్టే పని కాదు. ఇంకొకరైతే “కొంచెం సాయం పట్టు భాయ్” అనేవారు, అయిపోయేది.

మన గుమాస్తా అలా అనడు. పోయిన నెల ఓ ఇంగ్లీషు పుస్తకం చదివాడు. ఎవడి బాగు వాడే చూసుకోవాలట. ఒకరికోసం ఒకరు బతకడం తెలివితక్కువట. అప్పట్నుంచి ఆయన ఎవర్నీ ఏదీ అడగడం లేదు. ఇవాళ పొద్దున కూడా అంతే. పక్కింటి విఠల్‌రావును అడిగి కావలసిన సామాను తెస్తానని భార్య రంగనాయకి అంటే కసిరాడు. ఒంటరిగా పనిలోకి దిగాడు. అది కాస్తా మధ్యలో చిక్కుకుంది.

మొగులయ్య రైల్వే కూలీ, కండగల మనిషి. బుర్ర గోక్కున్నాడు.

“ఎంత సోంచాయించినా నాకైతే ఏం లాభం కనిపిస్తలేదు సారూ.”

“గట్లయితే చెయ్యకు! అదే నా సిద్ధాంతం!”

వడ్రంగి సీమోను మనసు ఊరుకోలేదు. “పక్కోనికి సాయం చేసుడు మనిషి ధర్మం. నేను చేస్త,” అని చొక్కా చేతులు పైకి మడిచాడు.

“ఖబర్దార్ సీమోనూ! అది జాలి. జాలిపడితే నన్ను తిట్టినట్టే!”

సీమోను చిన్నబుచ్చుకుని వెనక్కి తగ్గాడు.

కూరగాయలమ్మే కాశమ్మకు మాత్రం ఈ సిద్ధాంతం తెగ నచ్చింది.

“సారు మాట నిజం! గీ వాడకంత కొత్తిమీర ఫుకట్ల పంచిన. ఒక్కరన్న నాకు ఉప్పురాయి ఇచ్చిన్రా?”

“మొన్న నీకు చారు పోసింది ఎవరే?” అని మొగులయ్య భార్య సత్తెమ్మ గయ్యిమంది.

ఇక లొల్లి మొదలైంది. లాభం పార్టీ ఒక పక్కకు, ధర్మం పార్టీ ఇంకో పక్కకు చేరాయి. పాత చార్లు, పచ్చళ్లు, అరువు చక్కెరలు అన్నీ బయటికొచ్చాయి.

ఇస్త్రీ షేర్వాణీ చేతిలో పట్టుకుని రంగనాయకి ఏడుపుమొహం పెట్టింది.

“తొమ్మిదిన్నర అయితున్నది. ఒక్కసారి ‘అన్నా, జర సాయం పట్టు’ అనుండ్రి!”

“పానం పోయినా అనను. ఎవరికన్న లాభం కనిపించేదాక ఈడికెళ్లి కదల!”

నిజంగానే కదల్లేదు. అంత మంచి పోస్టు మొండితనానికి పోతోందని ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

అప్పుడు కాశమ్మ తన ఖాళీ బిందెకేసి చూసుకుంది. సుబ్రహ్మణ్యంకేసి చూసింది. మళ్లీ బిందెకేసి చూసి గావుకేక పెట్టింది.

“ఆగుండ్రి! మనందరికి మస్తు లాభమున్నది!”

లొల్లి ఆగింది.

“పడ్డ బొక్కెన తీస్తనని దిగి, పొద్దటిసంది గీ సారు నిలబడ్డది మనం తాగే నీళ్లల్ల!” అంటూ ఆమె బావిలోకి చేంతాడు వదిలింది.