ముందు సున్నా, తర్వాత స్విచ్చి

కొడుకు సంచి తల్లి సర్దుతోంది. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, దగ్గు మందు సీసా. సర్దింది మళ్లీ బయటికి తీస్తోంది. తీసింది మళ్లీ లోపల పెడుతోంది. సంచి నిండిందంటే వాడు బయల్దేరతాడు మరి.

"అత్తయ్యా, ఆ సంచికి నోరుంటే ఈపాటికి బావురుమనేది," అంది కోడలు.

"నీకన్నీ నవ్వులాటే."

ఎక్కడో దూరాన మూతబడ్డ మిల్లు. దాని ఆవరణలో పాత బావులున్నాయి. వాటి పూడిక తీసే పని దొరికింది కొడుక్కి. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి తల్లికి ముద్ద గొంతు దిగడం లేదు. ఆమె భర్త చేసిందీ అదే పని. ఒకరోజు బావిలోకి దిగాడు. అడుగున బురద కదిలింది, గాలి చెడింది. పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. అప్పటికి వీడింకా పాకుతున్నాడు.

ఇప్పుడు వీడు వసారాలో మోటారు ముందేసుకుని కూర్చున్నాడు. ఇనుప చట్రం, తాడు చుట్టుకునే డ్రమ్ము, రెండు లారీ బ్యాటరీలు, అరచేతిలో పట్టే స్పీడు కంట్రోలరు పెట్టె. బ్యాటరీ వైర్లు పెట్టెలోకి, పెట్టె నుంచి రెండు వైర్లు మోటారుకి. పక్కన ఒక స్విచ్చి. దాని మీద సుద్దతో 'పైకి', 'కిందికి' అని రాశాడు.

దూలం మీంచి తాడు వేసి, కొసకి ఇటుకల తొట్టి కట్టాడు. స్విచ్చి 'పైకి' వేశాడు. తొట్టి కదల్లేదు సరికదా, ఉన్న తాడు కూడా వదులై కిందపడింది.

"ఇదేంట్రా, పైకంటే కిందికి పోతోంది?" అంది తల్లి.

"ఏం కాదమ్మా. మోటారుకెళ్లే ఎర్ర వైరు ఇటు, నల్ల వైరు అటు మారిస్తే సరి. కరెంటు ఎదురు తిరుగుతుంది, దాంతోపాటు మోటారూ తిరుగుతుంది."

మార్చాడు. తొట్టి లేచింది. పెట్టె మీది నాబు కొంచెం తిప్పితే నింపాదిగా, ఇంకొంచెం తిప్పితే జోరుగా.

"ఇదివరకు పిడి తిప్పడానికి ఇద్దరు కావాల్సొచ్చేది. ఇప్పుడు పైన నేనొక్కణ్ణి చాలు."

"మరి కిందికి?" అడిగింది తల్లి.

"దిగడానికి మనిషిని చూసుకున్నాంలే," అన్నాడు కొడుకు, తలెత్తకుండా.

"మంచి మనిషే అత్తయ్యా," కోడలు అందుకుంది. "బరువు తక్కువ, వాగుడెక్కువ."

తల్లి నవ్వలేదు. ఆ మనిషెవరని అడగనూ లేదు. తన కొడుకు కాకపోతే చాలు.

"ఒట్టెయ్. ఏం జరిగినా సరే, బావిలోకి దిగనని నా మీద ఒట్టెయ్."

"అమ్మా..."

"వేస్తేనే గడప దాటనిస్తా."

వేశాడు. అప్పుడామె సంచి మూతి కట్టింది.

వసారాలో టప్పుమని నిప్పురవ్వ లేచింది. తొట్టి లేస్తుండగానే కొడుకు స్విచ్చి కిందికి తిప్పేశాడు. కోడలు అతని చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ముందు నాబు సున్నాకి రావాలి. డ్రమ్ము ఆగాలి. అప్పుడు స్విచ్చి. తిరుగుతుండగా తిప్పితే పెట్టె కాలిపోతుందని ఆ షాపతను మొత్తుకున్నాడా లేదా?"

"కాల్లేదుగా?"

"మళ్లీ చెయ్యండి."

చేశాడు.

"మళ్లీ. నోటితో చెబుతూ చెయ్యండి."

"ముందు సున్నా, తర్వాత స్విచ్చి. పంతులమ్మని చేసుకున్నాను, నా ఖర్మ."

అన్నాలవేళ దాకా వదల్లేదు కోడలు. తల్లికి ఆ పిల్ల మీద ముచ్చటేసింది. వీడిది మొదట్నుంచీ తొందర చెయ్యి. పక్కన ఇలాంటిది ఉండాల్సిందే. ఇంత వండిపెట్టడానికైనా వెంట వెళుతోంది, అదే పదివేలు.

బయల్దేరేటప్పుడు కోడలి చెయ్యి పట్టుకుంది. "వాడి పూచీ నీది."

"ఎలా తీసుకెళుతున్నానో అలాగే మీకు అప్పజెబుతాను. సరేనా?"

రోజూ సాయంత్రం ఫోను వచ్చేది.

"దిగలేదు కదా?"

"దిగలేదమ్మా."

ఆ మాట విన్నాకే ఆమె కంచం ముందు కూర్చునేది.

బుధవారం ఫోను రాలేదు. గురువారం పొద్దున్న వీధి మలుపులో ఎవరిదో వ్యాను ఆగింది. కొడుకు దిగాడు. తల్లి చెప్పుల్లేకుండా పరుగెత్తింది. వాడి మొహం తడిమింది, భుజాలు తడిమింది. చెక్కుచెదరలేదు.

"దిగావా?"

"దిగలేదు."

"మరి ఈ వాలకమేంట్రా?"

వాడు మెట్టు మీద కూలబడ్డాడు. "తొట్టి బురదని తాకీ తాకగానే తాడు ఊగింది. పైకి లాగమని. డ్రమ్ము ఇంకా తిరుగుతూనే ఉంది. సున్నాకి తేలేదమ్మా... స్విచ్చి తిప్పేశాను. పెట్టెలోంచి పొగ. చేత్తో లాగుదామంటే మోటారు గేర్లు బిగుసుకుపోయాయి. తాడు ఊగుతూనే ఉంది, కాసేపు."

"నువ్వేం చేశావు?"

"గట్టు మీద నుంచి అరిచాను. ఒక కాలు లోపల పెట్టాను కూడా. నీ మీద వేసిన ఒట్టు గుర్తొచ్చింది."

తల్లి వాడి తలని గుండెకి అదుముకుంది. ప్రాణం కుదుటపడింది.

"నన్ను బతికించావు నాన్నా. పాపం, కిందున్నది ఏ తల్లి కన్నబిడ్డో."

కొడుకు తలెత్తి ఆమెని చూశాడు.

బుధవారం మధ్యాహ్నం ఆ బావిలోకి దిగి తిరిగి రానిది, ఆమె కోడలు.