డంగు సున్నం గోడలు

చిక్కడపల్లిలో తాను కిరాయికుంటున్న పాత ఇంటి మీద పరిశోధనకు యూనివర్సిటీ ఒప్పుకుందని సంయుక్త పరుగున వచ్చి చెప్పింది. మే నెల ఎండల్లోనూ ఆ డంగు సున్నం గోడలు ఇంటిని చల్లగా ఎలా ఉంచుతున్నాయో తేల్చాలి.

ఇంటి ఓనరు ఇంద్రసేన మిఠాయి డబ్బా చేతికిచ్చాడు. "నాది గూడ ఖుష్‌ఖబరే బిడ్డా! ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చిన. వచ్చే నెల కూలగొడ్తరు."

"అయ్యో, ఎందుకంకుల్?"

"గ్రీన్ బిల్డింగులే కట్టాలని రోజూ చెప్పేది నువ్వే గద! నీ మాట మీదనే బిల్డర్‌ను గ్రీన్ బిల్డింగే కట్టమన్న. సంతకాలు గూడ అయిపోయినయ్."

సంయుక్త వెనక్కి జరిగితే వీపుకు గోడ చల్లగా తగిలింది.

"పరేషాన్ గాకు. అండ్ల ఫస్ట్ ఫ్లాట్ నీకే కిరాయికిస్త," అన్నాడాయన ప్రేమగా. "రూముకో ఏసీ!"