క్షమాపణ లేని మాట

పాస్టరుగారి తెల్ల అంగీకి ఇస్త్రీ చేస్తోంది ఆయన భార్య.

పక్కగదిలో ఆయన మర్నాటి ప్రసంగం గట్టిగా చెప్పుకుంటున్నారు.

"పరిశుద్ధాత్మ చేసిన మేలుని కళ్ళారా చూసి కూడా, అది దయ్యం పనే అనడం! ఆ ఒక్క పాపానికే క్షమాపణ లేదు!"

"అంత పాపం ఎవరు చేస్తారండీ?" అంది కాలరు తిప్పుతూ.

"కళ్ళు నెత్తికెక్కినవాళ్ళు చేస్తారు. నీ ఇస్త్రీ నువ్వు చూసుకో, అంగీ మాడగలదు."

ఆమె నవ్వుకుంది.

లోపలి గదిలో అత్తగారి మంచం. పక్షవాతంతో మాట పడిపోయినప్పటి నుంచీ ఆమెకి కళ్ళే నోరు.

ఈమధ్య రోజూ ఒకావిడ వచ్చి ఆ మంచం పక్కన కూర్చుంటోంది. పేరడిగితే, "ఎందుకులే అమ్మాయ్" అనేది. ఎప్పుడూ చేతిలో ఉండే గొడుగుని బట్టి కోడలే ఆమెకి ఎర్ర గొడుగావిడ అని పేరు పెట్టుకుంది.

ఆ వేళకి పాస్టరుగారు ఇంట్లో ఉండరు. ఇవాళ వాన పడుతోందని ఉండిపోయారు.

లోపల్నుంచి మూలుగు వినిపించింది. ఆయన పరుగెత్తారు. వెనకే భార్య.

ఎర్ర గొడుగావిడ ముసలామె చేతిని తన గొంతుకి అదిమి పట్టుకుని, కళ్ళు మూసుకుని "ఊఁ..." అంటోంది. ముసలామె కూడా "ఊఁ..." అంటోంది. చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

"ఏం మంత్రాలివి?"

"మంత్రాలు కాదు బాబూ. చిన్నప్పుడు నాకూ మాట పోయింది. ఇలా గొంతు పట్టించే తెప్పించారు."

"అత్తయ్య నిన్న నన్ను పిలిచారండీ! మీకు చెబుదామనే..."

"నువ్వు నోర్మూసుకో. ఇన్నాళ్ళు నేను ప్రార్థిస్తే రాని మాట, ఈవిడ ఊఁ అంటే వచ్చేసిందా? ఇది దయ్యం పని! లే, నడు బయటికి!"

ఆవిడకి కోపం రాలేదు.

"ఈ మాట నాకు కొత్త కాదులే బాబూ."

ముసలామె నుదురు నిమిరి, వానలోనే వెళ్ళిపోయింది.

గొడుగు గుమ్మం పక్కనే ఉండిపోయింది. అది అందించడానికి కోడలికి నోరూ రాలేదు, చెయ్యీ రాలేదు.

"నా... నాన్నా!"

పాస్టరుగారు గిరుక్కున తిరిగారు.

"అమ్మా! మాట్లాడావా! దేవుడికి స్తోత్రం!"

తల్లి తల అడ్డంగా ఊపింది. ఒక్కో మాటా కూడగట్టుకుంది.

"నేనూ... గెంటేశాను... దాన్ని."

"ఎప్పుడమ్మా?"

"నేను... సండేస్కూలు చెప్పేటప్పుడు... మూర్ఛొచ్చి పడిపోతే... దయ్యమన్నాను. అందరి ముందూ. దాని మాట... ఆ రోజే... పోయింది."

పాస్టరుగారు మంచం పట్టె పట్టుకున్నారు.

"మరి ఇప్పుడెందుకొచ్చింది?"

"నన్ను... క్షమించానని... చెప్పడానికి."

ముందుగదిలోంచి అంగీ మాడుతున్న వాసన వస్తోంది. ఎవరూ కదల్లేదు.

కాసేపటికి పాస్టరుగారు ఆ ఎర్ర గొడుగు తీసుకుని, దాన్ని విప్పకుండానే వానలోకి దిగారు.