చెప్పుల లైను

“నా చెప్పుల ముందటికి గీ నీలం చెప్పు ఎట్లొచ్చింది?”

మహబూబాబాద్ మార్కెట్ వెనక సందులో, మూసిన షట్టర్ ముందు నిలబడి బాల్‌సింగ్ నిలదీశాడు. చాయ్ తాగి వచ్చేలోపలే అన్యాయం జరిగిపోయింది. తన చెప్పులకూ, వాటి ముందున్న పాత చెప్పులకూ నడుమ ఎవరిదో ఒంటి చెప్పు దూరింది.

“నాదే,” అన్నది మెట్టు మీద కూర్చున్న భాగ్య, లేవకుండానే. “నీకంటె ముందే పెట్టిన తమ్మీ. నడుమ కుక్క ఎత్తుకపోయింది. ఎంబడి ఉరికి గుంజుకొచ్చి, నా జాగల నేను పెట్టుకున్న.”

“ఒక్క చెప్పు పెడితె లైను కాదక్కా. జత పెట్టాలె.”

“జత పెడితె ఎవడన్న తొడుక్కపోతడు. ఇగో, రెండోది నా కాలికే ఉన్నది, నాదేనని సాక్ష్యం. నీకేముంది సాక్ష్యం?”

బాల్‌సింగ్ తన వట్టికాళ్లు చూసుకున్నాడు. సాక్ష్యం లేదు.

యూరియా కోసం వచ్చినవాడు ఎంతసేపని నిలబడతాడు? అందుకే చెప్పుల్ని నిలబెట్టి తాను నీడకు పోతాడు. ఈ జిల్లాలో ఇప్పుడు రైతు మాటకు లేని విలువ రైతు చెప్పుకు ఉంది. చెప్పు ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే లెక్క.

నర్సింహులపేట దగ్గరి తండాలో బాల్‌సింగ్ మక్కచేను ఎర్రబారి ఉంది. నిన్న ఉత్త చేతులతో ఇంటికి పోతే భార్య గంగి ఒకటే మాట అన్నది: “రేపు గూడ బస్తా లేకుంట వస్తె చేన్లకు బర్లను తోలుత.” గంగి అన్నదంటే తోలుతుంది.

మార్కెట్ వెనక దుకాణానికి లోడు వస్తుందని తెలిసి తెల్లారకముందే బయలుదేరి వచ్చాడు. వస్తే, సందులో ఏ దుకాణం ఏదో చెప్పే బోర్డు ఒక్కటీ కనబడలేదు. అన్నిటి మీదా ఎవరో చిన్న లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీ పరుచుకొని, అందరికీ దండం పెడుతోంది. అయినా బోర్డుతో పనేముంది? చెప్పులున్న చోటే యూరియా. షట్టర్ ముందు అప్పటికే వరసగా చెప్పులున్నాయి. వాటి వెనక తనవి పెట్టాడు. అవి చూసి ఇంకొకరు పెట్టారు. ఇప్పుడు వరస సందు మలుపు దాటింది.

“అరే భాయ్, జర ఆగుండ్రి,” అని అబ్దుల్ వహాబ్ ముందుకొచ్చాడు. కౌలు సేద్యం ఆయనది. గడ్డం తెల్లబడింది కాబట్టి ఈ లైనుకు పెద్దమనిషి తానేనని, ఎవరూ అనకముందే అనుకున్నాడు. నీలం చెప్పు చేతిలోకి తీసుకొని వెలుతురుకు పట్టి చూశాడు. “కుక్క పండ్ల గాటు ఉన్నది. అక్కదే ముందు.”

తీర్పు అయిపోయింది. బాల్‌సింగ్ ఊరుకోలేదు.

“మరి మనందరికంటె ముందున్నోళ్లు ఏరి చాచా? పొద్దటిసంది ఒక్కడు మొఖం చూపలే. ఇవన్ని తీసి అవతల పారేస్త.” ఒకటి చేతికందుకున్నాడు కూడా.

“పెట్టు. ఆడనే పెట్టు,” వహాబ్ గొంతు మారింది. “లైన్ల చెప్పంటె మనిషితోని సమానం. పాపం ఏ అరుగు మీదనో పండిండ్రు. అవి ఎట్లున్నయో చూసినవా అసలు?”

ముగ్గురూ వంగి చూశారు. ఒకదానికి బొటనవేలి ఉంగటం తెగింది. ఒకదాని అట్ట మడమ దగ్గర నోరు తెరిచింది. ఇంకోదానికి పట్టీ ఊడి వేలాడుతోంది.

“రైతులయే,” భాగ్య నిట్టూర్చింది. “ఆఫీసర్ల చెప్పులు గిట్లుంటయా?”

బాల్‌సింగ్‌కు సిగ్గేసింది. చేతిలో ఉన్నదాన్ని తువ్వాలతో దుమ్ము తుడిచి, ఎక్కడిది అక్కడ పెట్టాడు. అంతలో గంగి ఫోన్.

“దొరికిందా?”

“దొరికినట్టే. లైన్ల మొదటనే ఉన్న.”

“బర్లను విప్పుతున్న.”

“జర ఆగు. షట్టర్ లేపుడే తరువాయి.”

ఎండెక్కింది. చెప్పుల్లేని జనం ఒక కాలు మీద కాసేపు, ఇంకో కాలు మీద కాసేపు నిలబడి కొంగల్లా ఉన్నారు. అయినా ఒక్కరూ తమ చెప్పు తొడుక్కోలేదు. తొడుక్కుంటే లైను పోతుంది.

అప్పుడొచ్చాడు పోచయ్య అనే ఒకాయన, సైకిల్ తోసుకుంటూ. వెనక క్యారియర్ మీద తెల్లటి యూరియా బస్తా.

అందరూ చుట్టుముట్టారు. “ఏడ దొరికిందే?”

“అవతలి సందుల, ఎరువుల దుకాణంల. ఎప్పుడు ఆడ తన్నుకసస్తరు గదా, ఇయ్యాల పిట్ట గూడ లేదు. ఆధార్ చూపెట్టిన, బస్తా ఏసిండు. జనం వస్తలేరని చానసేపు చూసి చూసి, ఇప్పుడే లోడును వేరే ఊరికి మలిపిండు. ఇయ్యాల ఏమైందో మనోళ్లందరికి.”

భాగ్య రెండో చెప్పు కూడా కాలి నుంచి జారింది.

“అయితె... గీ షట్టరు?” అన్నాడు బాల్‌సింగ్. జేబులో ఫోన్ మోగుతోంది. ఎత్తలేదు.

పోచయ్య సైకిల్‌ను గోడకు ఆనించి, మొలతాడుకున్న తాళంచెవి తీసి షట్టర్ దగ్గర వంగాడు. వంగినవాడు అప్పుడే చూశాడు, సందు మలుపు దాకా సాగిన వరసను. తాళం పట్టుకొనే తల గోక్కున్నాడు.

“రాత్రి పెట్టిపోయినయి నాలుగు జతలే గదా. గిన్ని చెప్పులు ఒక్కపూటల కుట్టుడు నాతోని కాదన్నా, రేపు మాపటికి వచ్చి తీస్కపోండ్రి.”